పెట్టెలో పెద్దాయన

గ్యాసు బండ కోసం మొన్న ఫోను చేశాను. అవతల రికార్డు గొంతు ఎత్తుకుంది: తెలుగుకైతే ఇది నొక్కండి, హిందీకైతే అది నొక్కండి. ఏది నొక్కాలో నాకు తెలుసు, ఎన్నేళ్ళుగానో నొక్కుతున్నదే. అయినా వేలు ఆగింది. ఆ అమ్మాయి చెప్పాల్సిందంతా చెప్పేదాకా ఊరుకున్నాను. ఈలోగా వేళ మించిందని ఫోను దానంతటదే కట్ అయిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చింది వ్యవహారం.

ఈ జబ్బు నాకు మా మేనత్త నుంచి అంటుకుంది. ఆవిడ పోయి నెల దాటింది. చివరి రెండేళ్ళూ పలాసలో మా ఇంట్లోనే ఉంది. నేను ఫోనులో ఇలాంటి గొంతు వినబడగానే టక్కున నొక్కేస్తే ఆవిడకి ఒళ్ళు మండేది.

"ఆ పిల్లని సెప్పనీవే కోడలా. మనిషి మాటాడతంటే మద్దిలో నొక్కీడవేటి?"

"అది మనిషి కాదత్తా, రికార్డు."

"రికార్డయితే మనిషి కాదేటి? ఎవులో ఒకలు కూకుని మాటాడితేనే కదా అందల ఎట్టేరు."



అత్త మా నాన్నకి అక్క. కవిటి దగ్గర ఒక ఊళ్ళో, కొబ్బరితోటల మధ్యనున్న ఉమ్మడి ఇంటికి పెద్దకోడలుగా వెళ్ళింది. మనిషి పొట్టి, నోరు పొడుగు. నోట్లో నువ్వుగింజ నానదు. మేనకోడలిని కాబట్టి నన్ను కోడలా అని పిలిచేది, ఆ పిలుపులో సగం ముద్దు, సగం వెటకారం. ఆవిడకి పిల్లల్లేరు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తేది కాదు, ఇంకొకళ్ళని ఎత్తనిచ్చేది కాదు.

మావ ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా కలకత్తా సరుకు ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. మొదట కరెంటు రికార్డు ప్లేయరు తెచ్చాడు. ఆ తర్వాత దానికి ఒక తగిలింపు తెచ్చాడు. అప్పట్లో టేపురికార్డరు విడిగా కొనడం మావలాంటి వాళ్ళ తరం కాదు. అందుకని ఈ ఏర్పాటు. రికార్డు పెట్టే పళ్ళెం మీద దీన్ని కూర్చోబెట్టి బిగిస్తే, పళ్ళేన్ని తిప్పే మోటారే టేపునీ లాగుతుంది. రెండు చక్రాలు, వాటి మధ్య గోధుమరంగు రిబ్బను, పక్కన ఒక చిన్న పెట్టె, దానికొక మైకు. ప్లేయరు భుజాలెక్కి కూర్చుంటుంది కనుక అత్త దానికి సవారీ పెట్టె అని పేరు పెట్టింది. ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది. టేపు వెనక్కి చుట్టాలంటే చేత్తో తిప్పుకోవాలి. ఒకసారి పట్టిన దాని మీద ఇంకొకటి పడితే పాతది చెరిగిపోతుంది.

మావ రైలెక్కే ముందు ఇవన్నీ అత్తకి నేర్పాడు. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టలేదు మరి. షాకు కొడుతుందని కొందరి భయం, గొంతు లాగేసుకుంటే ఆయుష్షు తరుగుతుందని కొందరి భయం. అత్తకి ఏ భయమూ లేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనీ మైకు ముందు కూర్చోబెట్టేది, కాఫీ ఆ తర్వాతే. మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి లోకమంతా హలో హలో అంటుంది. ఆవిడ మాత్రం "ఉప్పు, సింతపండు, ఎండుమిరగాయి" అనేది. అదేమిటంటే, "హలో అంటే ఎవులు పలుకుతారు? ఇలగంటే కొట్టోడయినా పలుకుతాడు" అనేది. టేపు చిక్కుపడితే పెట్టెకి ఒక మొట్టికాయ పడేది. ఎవరైనా బాగా పాడితే మెటికలు విరిచి దిష్టి తీసేది. ఆ దిష్టి కూడా పెట్టెకే, పాడినవాళ్ళకి కాదు.

ఇంత ధాటీ ఉన్న మనిషి మామగారి ఎదట పిల్లి. ఆ ఇంట్లో కోడళ్ళు పెద్దాయన ముందు కూర్చోరు, ఆయనతో మాట్లాడరు. ఏదైనా చెప్పి తీరాలంటే తలుపు వెనక నిలబడి, తల మీద కొంగు లాక్కుని గోడతో చెప్పాలి. ఆయన గోడ మాట విన్నట్టు విని, గోడకే జవాబు చెప్పేవాడట. ఇదంతా ఆయన బతికుండగా జరిగిన సంగతి, నేను చూడలేదు. నేను చూసింది ఆయన పోయాక.

ఆయన మాటలున్న టేపు ఒకటి ఇంట్లో మిగిలింది. ఏటా తద్దినం రోజు భోజనాలయ్యాక దాన్ని వెయ్యడం ఆనవాయితీ. అత్త చక్రాలు ఎక్కించి, మీట నొక్కి, పరుగులాంటి నడకతో తలుపు వెనక్కి పోయి కొంగు కప్పుకుని నిలబడేది. పెట్టెలోంచి పెద్దాయన దగ్గి, గొంతు సవరించుకుని మొదలెట్టేవాడు. ఆయన మాట్లాడినంతసేపూ ఆవిడ కూర్చునేది కాదు, గోడకి ఆనుకునేదీ కాదు. కాళ్ళు పీకుతున్న వయసులోనూ అంతే.

ఒక ఏడు టేపు సగంలో ఉండగా కరెంటు పోయింది. పెద్దాయన "దాని యెనక కాలు సూసేవంటే" అన్నచోట ఆగిపోయాడు. చుట్టాలు లేచి చెప్పులు వెతుక్కుంటుంటే అత్త వచ్చి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మావ మాట అవనేదు. కూకోండి" అంది. మామగారి మాట మధ్యలో లేచిపోతారా అని ఆవిడ ముఖం అడుగుతోంది. ఎవరూ కదల్లేదు. కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. హరిశ్చంద్రపురం నుంచి వచ్చిన చుట్టానికి తిరుగు రైలు తప్పిపోయింది. ఆయన మరుసటేడు నుంచి తద్దినానికి రావడం మానేశాడు.

ఇంకో ఏడు పిల్లలు ప్లేయరు వేగం మీటని జరిపేశారు. పెద్దాయన గొంతు రామచిలక గొంతై కిచకిచలాడింది. ఊళ్ళో అందరినీ గడగడలాడించిన మనిషి అలా కీచుగొంతుతో హుంకరిస్తుంటే జనం పొట్టలు పట్టుకున్నారు. నేను తలుపు వెనక్కి తొంగి చూశాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళవెంట నీళ్ళు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కానీ వెళ్ళి ఆపలేదు. తర్వాత అడిగితే, "సిలక గొంతయినా మావే కదా" అంది.

ఇంతకీ ఆ టేపులో ఆయన చెప్పే బ్రహ్మరహస్యం ఏదో అనుకోకండి. టెక్కలి సంతలో గేదెని కొన్న వైనం. దాని పళ్ళు, దాని సుళ్ళు, దళారీతో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని సాగించిన బేరం, దారిలో అది మొరాయించడం. మొదట్నుంచి చివరిదాకా గేదె.

ఈ తమాషా నడుస్తున్నంతసేపూ ఇంట్లో ఒక మనిషి ఉండేది కాదు. మావ తమ్ముడి భార్య, అంటే అత్తకి తోడికోడలు. మేము చినత్త అనేవాళ్ళం. టేపు వేస్తారనగానే కుడితి బాల్చీ పట్టుకుని పశువులపాకలోకి పోయేది. గేదె కబుర్లు అయిపోయాకగానీ తిరిగి వచ్చేది కాదు. ఎందుకని అడిగితే మా అమ్మ నా నోరు మూసింది. పెద్దయ్యాక అత్తే చెప్పింది. చినత్త కూడా చెప్పింది. ఇద్దరూ చెప్పినవి చాలామటుకు ఒకటే, ఒక్కచోట తప్ప.

చినత్త పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల. వాళ్ళ అమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ మధ్యలో వొడియాలోకి జారిపోయేదట. చినత్తకి మొదటి కొడుకు పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చి కొన్నాళ్ళు ఉంది. మనవణ్ణి కాళ్ళమీద వేసుకుని ఒక జోలపాట పాడేది. అత్త ఊరుకుంటుందా, మైకు పెట్టి పట్టేసింది. ఆవిడ ఊరికి వెళ్ళిపోయిన ఏడే వానాకాలంలో జ్వరంతో చనిపోయింది. ఫొటో అయినా లేదు. మిగిలింది ఆ టేపు.

అప్పట్నుంచి మధ్యాహ్నం పనులయ్యాక చినత్త వచ్చి అత్త పక్కన కూర్చునేది. "ఓపాలి ఎయ్యక్కా" అనేది. అత్త వేసేది. ఇద్దరూ వినేవారు. అత్త చక్రాన్ని చేత్తో వెనక్కి చుట్టేది, మళ్ళీ వేసేది. ఆ రోజుల్లో వాళ్ళిద్దరినీ చూసినవాళ్ళు అక్కాచెల్లెళ్ళు అనుకునేవారని మా అమ్మ అంటుంది. తోడికోడళ్ళు అలా ఉండడం మా వైపు వింతే.

ఒకరోజు ఆ పాట విన్నాక చక్రాలు పెట్టె మీదే ఉండిపోయాయి. సాయంత్రం పెద్దాయన సంత నుంచి గేదెతో వచ్చాడు. కొత్త గేదెని చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. ఆయన మహా హుషారుగా ఉన్నాడు. వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చుని, గోడవైపు చూసి అన్నాడట:

"ఆ పెట్టె ఇలగ తెమ్మనండి. అందరి మాటలూ పడతన్నాది, నా మాట పట్టదేటి?"

అత్త కొంగు కప్పుకుని పెట్టె తెచ్చి ముందు పెట్టింది. మైకు పెట్టింది. మీట నొక్కింది. తలుపు వెనక్కి వెళ్ళి చినత్త పక్కన నిలబడింది. పెద్దాయన మొదలెట్టాడు.

ఇక్కడే ఇద్దరి మాటా కలవదు. తలుపు వెనక్కి వచ్చాకే ఆ చక్రాలు ఏవో తనకి గుర్తొచ్చిందని అత్త అంటుంది. ముందే తెలుసని, మామగారి మాట తీసెయ్యలేక తెలిసే నొక్కిందని చినత్త అంటుంది. ఏది నిజమో నాకు తెలియదు. ఆ తర్వాతది మాత్రం ఇద్దరూ ఒక్కలాగే చెప్పారు. ఇద్దరూ తలుపు వెనక పక్కపక్కనే నిలబడ్డారు. చినత్త అత్త మోచెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ళు దిగబడ్డాయి. బయట వసారా నిండా మగవాళ్ళు, మధ్యలో పెద్దాయన మాట్లాడుతున్నాడు. ఆపండి మావా అని గోడతో అన్నా చాలు. ఎవరూ అనలేదు. టేపు తిరుగుతోంది, గేదె పళ్ళు అయ్యాయి, సుళ్ళు అయ్యాయి, అది టెక్కలి దాటింది, మొరాయించింది, ఊరు చేరింది. చివరికి రిబ్బను కొస ఊడి చక్రం టపటపా కొట్టుకుంది. పెద్దాయన తృప్తిగా లేచి కాళ్ళు కడుక్కున్నాడు.

అత్త వెళ్ళి టేపు వెనక్కి చుట్టి వేసింది. మొదట్నుంచీ గేదే.

ఆ తర్వాత వాళ్ళు పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే బాగుండేదని అత్త అనేది. చినత్త ఏడవలేదు, తిట్టలేదు. మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చోవడం మానేసింది. ఉప్పుందా అంటే ఉంది, పాలు కాచావా అంటే కాచాను. ఇళ్ళు వేరుపడ్డాక అదీ తగ్గింది. మామగారు పోయాక ఆ టేపు ఇంటికి దేవుడి పటమైపోయింది, చెరపడానికి వీల్లేదు. ఏటా అత్త తానే వెయ్యాలి, తానే నిలబడి వినాలి. తలుపు వెనక ఆవిడ అంత బిగుసుకుని నిలబడింది ఒక్క భక్తితోనేనా అని నాకిప్పుడు అనుమానం.

అత్త చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. కాసెట్ల కాలం వచ్చాక ఒక చిన్న టేపురికార్డరు సంచిలో వేసుకుని చినత్త పుట్టింటి ఊరు వెళ్ళింది. ఇల్లిల్లూ తిరిగి, ఆ జోలపాట వచ్చిన ముసలావిడని పట్టుకుని పాడించింది. తెచ్చి చినత్త ముందు పెట్టింది. చినత్త నిలబడే రెండు చరణాలు విని, "మా యమ్మ ఇలగ పాడనేదు" అంది.

"మరెలగ పాడిందో నువ్వు పాడవే, నాను పడతాను."

"నాకు రాదు."

అబద్ధం. పెద్దకొడుకుని ఆ పాటతోనే నిద్రపుచ్చింది. కానీ ఆ సాయంత్రం తర్వాత పుట్టిన పిల్లలు ఎవరూ దాన్ని వినలేదు. అత్త ఇంకో రెండుసార్లు ఎవరెవరి చేతో పాడించి తెచ్చింది. జవాబు అదే. ఇక తేవడం మానేసింది గానీ మనసులోంచి తియ్యలేదు. "ఆ పాట దానికిచ్చీకుండా పోతే నాకు ముక్తి నేదే కోడలా" అని నాతో చాలాసార్లు అంది. ముక్తి గురించి ఆవిడ ఇంకే సందర్భంలోనూ మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

మావ పోయాడు. తర్వాత కొన్నేళ్ళకి అత్తకి కిడ్నీలు పోయాయి. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఇది పెద్ద వార్త కాదు, ఫలానావాళ్ళకి జలుబు చేసిందన్నట్టే చెప్పుకుంటాం. డయాలసిస్ పలాసలో చేస్తారు కాబట్టి మా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్ళి, అయ్యేదాకా పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. మొదటిరోజు ఆ గొట్టాల్నీ తిరిగే చక్రాన్నీ ఎగాదిగా చూసి, "ఇదీ సవారీ పెట్టేనే. లాగీసి, మళ్ళీ ఎనక్కి సుట్టీసి ఇత్తాది" అంది. నర్సులు సూదులు గుచ్చుతుంటే వాళ్ళ పెళ్ళి సంబంధాలు అడిగేది. పక్క మంచం అతను మూలిగితే, "అరవకు బాబూ, మిసను బెదిరిపోద్ది" అనేది. నీళ్ళు తాగొద్దన్నారు, కొబ్బరినీళ్ళు అసలు ముట్టొద్దన్నారు. కొబ్బరితోటలో ఒక జీవితం గడిపిన మనిషి. దానిమీద మాత్రం జోకులు వెయ్యలేదు.

పోవడానికి కొద్దివారాల ముందు, మధ్యాహ్నం పూట, చినత్త వార్డులోకి వచ్చింది. కొడుకు బండి మీద దింపి వెళ్ళాడట. ఆవిడ కూడా వంగిపోయింది. చెప్పులు బయట విడిచి, చేతులు ఖాళీగా వచ్చి మంచం దగ్గర నిలబడింది. నేను స్టూలు ఇచ్చి పక్కకి జరిగాను.

"ఏటే, ఇలగొచ్చేవు?" అంది అత్త.

"సూడ్డానికి."

"సూసీసేవు కదా. కూకో మరి."

కూర్చుంది. ఇద్దరూ మిషను వైపే చూశారు. ఉప్పుందా అని అడగడానికి కూడా అక్కడ ఏమీ లేదు. చివరికి అత్తే అంది:

"తెలిసే నొక్కేనని కదే నువ్వనుకుంటన్నావు. నాకు తలుపెనక్కి వొచ్చేకే తెలిసింది. తెలిసినంక ఆపొచ్చు. ఆపనేదు. అది తప్పే."

 చినత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. నేను ఇక ఆవిడని లేపి బయటికి తీసుకెళ్దామా అనుకుంటుండగా నోరు విప్పింది.

"నానూ నీ పక్కనే ఉన్నాను కదక్కా. నాకూ సేతులున్నాయి. నానూ ఆపనేదు."

అత్త తల తిప్పి చూసింది.

"మా యమ్మ గొంతు, నాను కదా ఎళ్ళి ఆపాల" అంది చినత్త. "నా మీద నాకే కోపమొత్తే ఎక్కడెట్టుకోను? నీ మీదెట్టీసేను."

"ఇన్నేళ్ళకా సెప్పడం?"

"నువ్వడగనేదు కదా."

అత్తకి నవ్వు వచ్చింది, నవ్వితే గొట్టం కదిలింది, నర్సు వచ్చి కేకలేసింది. నాకు ఏడుపు వచ్చింది. ఇంత చిన్న మాటకి ఇద్దరు ఆడవాళ్ళ ఆయుష్షు పట్టిందని, పెద్దాయన మీద కూడా కోపం వచ్చింది. ఆయనకేం, ఆయనకి ఏమీ తెలియకుండానే పోయాడు. నర్సు వెళ్ళిపోయాక అత్త అడిగింది:

"ఓపాలి పాడవే."

"నాకు రాదక్కా."

"వొచ్చినంతే పాడు. ఇక్కడ నాను పట్టుకోడానికి ఏ పెట్టీ నేదు."

చినత్త తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగు భుజం మీదకి లాక్కుని, పక్క మంచానికి వినపడనంత చిన్న గొంతుతో మొదలెట్టింది. సగం తెలుగు, సగం వొడియా. రాగం రెండుచోట్ల జారింది. అత్త కళ్ళు మూసుకుంది. మొదటి చరణం అయ్యాక, కళ్ళు తెరవకుండానే, "ఆ టేపుల పిల్లడు ఏడిసింది ఇక్కడే" అంది. చినత్త తల ఊపి పాడుతూ పోయింది. రెండో చరణం సగంలో అత్త మంచం మీద నుంచి చెయ్యి కాస్త ఎత్తింది.

"ఉండు. ఇక్కడ మీ యమ్మ దగ్గింది."

చినత్త ఆగింది. ఒకసారి దగ్గి, మళ్ళీ ఎత్తుకుంది.